మిట్ట లేని దారిలో 42 కిలోమీటర్లు

ఢిల్లీలో ఆ ఫిబ్రవరి ఆదివారం నా చేతి గడియారం లెక్కలో నేను గెలిచాను. 42.195 కిలోమీటర్లు, 3 గంటల 59 నిమిషాల 48 సెకన్లు. నాలుగు గంటల లోపు ఫుల్ మారథాన్ ముగించాలన్నది నా మూడేళ్ల పంతం. చిక్కేమిటంటే, ఉపగ్రహ సంకేతాలతో దూరం కొలిచే నా వాచీలో ఆ అంకె పడినప్పుడు ముగింపు గీత ఇంకా 300 మీటర్ల దూరంలో ఉంది. గీత దాటేసరికి 4:01:32. సర్టిఫికెట్ మీద పడింది అదే.

"దూరం తప్పు కొల్సినట్టుండారు లేన్నా" అని అనంతపురం నుంచి ఫోన్లో ఓదార్చాడు, నాతో రోజూ పరిగెత్తే, తమ్ముడిలాంటి మావాడు. వాళ్లు సరిగానే కొలిచారు. తప్పు నాది. ఆ 300 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోబోయి, "ఫ్లాట్ అండ్ ఫాస్ట్ కోర్సు" అని పోస్టర్ల మీద పెద్దక్షరాలతో వేసే మాట వెనక ఎంత గందరగోళం ఉందో అర్థమైంది. మా పీటీసీ (పోలీసు శిక్షణ కళాశాల) మైదానంలో పొద్దున నడిచేవాళ్లు కూడా అదే అంటుంటారు: "మిట్టల్లేవు కదప్పా, సుకంగా పోవచ్చు." మిట్టలు లేవు, నిజమే. సుఖం సంగతి వేరు.

ముందు చదును వల్ల ఒరిగేదేమిటో చూద్దాం. మిట్ట ఎక్కేటప్పుడు పోయిన సమయం పల్లం దిగేటప్పుడు తిరిగి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. కోచ్‌లు వాడే ఒక మోటు లెక్క ఉంది: నూటికి ఒక మీటరు ఎత్తు పెరిగే దారిలో కిలోమీటరుకు సుమారు 9 సెకన్లు పోతే, అదే వాలు దిగేటప్పుడు తిరిగొచ్చేది 5 సెకన్లే. ఎక్కేటప్పుడు ఒళ్లంతా పైకి మోయాలి. దిగేటప్పుడు కింద పడకుండా తొడలతో బ్రేకు వేసుకోవాలి, దానికీ శక్తి ఖర్చే. పది మిట్టలెక్కి పది పల్లాలు దిగి మొదలుపెట్టిన ఎత్తుకే చేరినా, లెక్క అప్పుతోనే ముగుస్తుంది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగినవాళ్లకు ఈ అప్పు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బెర్లిన్ కోర్సుకున్న పేరు ఇందుకే. సముద్రమట్టానికి 38 మీటర్ల ఎత్తులో మొదలై, దారి మొత్తంలో ఎక్కడా 53 మీటర్లు దాటదు. 42 కిలోమీటర్లలో తేడా పదిహేను మీటర్లు, అంటే ఐదంతస్తుల మేడ ఎత్తు. పురుషుల ప్రపంచ రికార్డు 2003లో పాల్ టెర్గాట్ (2:04:55) నుంచి 2022లో ఎలియుడ్ కిప్చోగే (2:01:09) దాకా మళ్లీ మళ్లీ బద్దలైంది ఆ ఒక్క ఊళ్లోనే. హైలే గెబ్రసెలాసీ అక్కడే వరసగా రెండేళ్లు, 2007లోనూ 2008లోనూ బద్దలు కొట్టాడు. 2023లో మహిళల్లో టిగిస్ట్ అసెఫా 2:11:53లో ముగించి రికార్డు నెలకొల్పిందీ బెర్లిన్‌లోనే. అదే ఏడాది కొన్ని రోజుల తేడాతో కెల్విన్ కిప్టుమ్ 2:00:35 చేసింది షికాగోలో. అదీ చదునే.

మరి చదునుకన్నా పల్లం ఇంకా మేలు కదా? మేలే, అందుకే దానికి నిబంధన పెట్టారు. 2011లో బోస్టన్‌లో జెఫ్రీ ముటాయ్ 2:03:02లో పరుగు ముగించాడు. అప్పటి ప్రపంచ రికార్డు 2:03:59. దాదాపు నిమిషం తక్కువ. అయినా రికార్డుగా ఒప్పుకోలేదు. బోస్టన్ దారి ఒక ఊళ్లో మొదలై ఇంకో ఊళ్లో ముగుస్తుంది. ముగింపు మొదలుకంటే 140 మీటర్ల దాకా పల్లంలో ఉంటుంది. ఆ రోజు వెనక నుంచి గాలి తోసింది. నిబంధన ప్రకారం మొదలుకూ చివరకూ మధ్య ఎత్తు తేడా కిలోమీటరుకు ఒక మీటరు మించకూడదు, మారథాన్‌కైతే 42 మీటర్లు. ఆ రెండు చోట్ల మధ్య నేరు దూరం పందెం దూరంలో సగం దాటకూడదు. ఈ రెండో షరతు గాలి కోసం: వెళ్లేటప్పుడు తోసిన గాలి వచ్చేటప్పుడు ఎదురవ్వాలి.

ఈ లెక్క మన ఊరికి అన్వయించి చూస్తే నాకు భలే సరదా అనిపించింది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అనంతపురం 335 మీటర్ల దగ్గర. మధ్య దూరం 210 కిలోమీటర్ల చిల్లర. సగటున కిలోమీటరుకు మూడు మీటర్లకు కాస్త తక్కువ వాలు. అంటే 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు వైపు నుంచి మన వైపుకు మారథాన్ పెడితే, ఎంతటివాడు ఎంత వేగంగా వచ్చినా రికార్డు చెల్లదు. కారులో కూర్చుంటే ఆ రోడ్డు బల్లపరుపుగా కనిపిస్తుంది. కంటికి ఆనని మిట్ట కాళ్లకు ఆనుతుంది. ఆదివారం లాంగ్ రన్‌లో మేం బెంగళూరు వైపు పోయి వెనక్కి తిరిగినప్పుడు వచ్చేటప్పుడే హాయిగా ఉండేది. "ఇంటిమొగం పట్టినాం గదన్నా, ఎద్దులకైనా అంతే" అనేవాడు మావాడు. ఎద్దుల సంగతి ఏమోగానీ, వాలు సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నా 300 మీటర్ల దగ్గరకొస్తాను. మారథాన్ దారిని ఉపగ్రహంతోనో కారు మీటరుతోనో కొలవరు. సైకిల్‌తో కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగిస్తారు, చక్రం ఎంత తిరిగిందో అది లెక్క పెడుతుంది. కొలతకు ముందూ తర్వాతా స్టీలు టేపుతో కచ్చితంగా కొలిచిన ఒక నేరు ముక్క మీద ఆ సైకిల్‌ను నడిపి, ఎన్ని అంకెలకు ఎన్ని మీటర్లో సరిచూసుకుంటారు. ఎండ పెరిగితే టైరులో గాలి వ్యాకోచించి చక్రం చుట్టుకొలత మారుతుంది కాబట్టి ఈ జాగ్రత్త. అంతా అయ్యాక వెయ్యికి ఒకటి చొప్పున దూరం అదనంగా కలుపుతారు. 42 కిలోమీటర్లకు 42 మీటర్లు. ఎందుకంటే కొలతలో పొరపాటు పడినా దారి పొట్టి కాకూడదు; పొడుగైతే ఎవరికీ అన్యాయం లేదు, పొట్టిదైతే అందరి పరుగూ చెల్లకుండా పోతుంది. బట్టల కొట్టువాడు గజం మీద వేలెడు గుడ్డ ఎక్కువ వదిలినట్టు. మన రోజుల్లో అలాంటి కొట్లు ఎక్కడున్నాయో అడక్కండి.

అసలు మెలిక ఇంకోటి. కొలిచేవాడు సైకిల్ తొక్కేది రోడ్డు మధ్యలో కాదు, పరుగుకు దొరికే అతి దగ్గరి దారిలో. మలుపు దగ్గర లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో పోతాడు. రోడ్డు ఎడమకు తిరిగి వెంటనే కుడికి తిరిగితే, ఒక అంచు నుంచి రెండో అంచుకు ఏటవాలుగా గీత గీసినట్టు పోతాడు. పెద్ద మారథాన్లలో రోడ్డు మీద గీసే నీలిగీత ఈ దారే. ఆ గీత మీద పరిగెత్తినవాడికే 42.195. మిగతా అందరికీ అంతకంటే ఎక్కువ.

ఎంత ఎక్కువ? తొంభై డిగ్రీల మలుపును గీతకు మూడు మీటర్లు బయటగా తిరిగామనుకుందాం. అదనంగా పరిగెత్తేది సుమారు 4.7 మీటర్లు. నలభై మలుపులుంటే 190 మీటర్లు. నీళ్ల బల్ల కోసం పక్కకు పోవడం, ముందువాళ్లను దాటడానికి అటూ ఇటూ వంకర్లు తిరగడం కలిస్తే 300 ఏం లెక్క. నేను ఢిల్లీలో జనం ఒత్తిడి తప్పించుకోవడానికని ప్రతి మలుపులో బయటివైపు ఖాళీ చూసుకొని హాయిగా తిరిగాను. ఆ హాయి ఖరీదు నిమిషం నలభైనాలుగు సెకన్లు.

వాచీ తప్పు కూడా కొంత ఉంటుంది. ఎత్తయిన మేడల మధ్య, వంతెనల కింద, సొరంగాల్లో ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి వస్తుంది. షికాగోలో మొదటి కొన్ని కిలోమీటర్లు ఆకాశహర్మ్యాల మధ్య పోయేటప్పుడు వాచీలు పిచ్చి అంకెలు చూపడం అక్కడ పరిగెత్తినవాళ్లందరికీ అనుభవమే. అందుకని తెలిసినవాళ్లు కిలోమీటరుకు ఎంత సమయం పడుతోందో వాచీ చెప్పే అంకెను, అంటే పేస్‌ను నమ్మరు. రోడ్డు పక్కన కిలోమీటరు బోర్డు దాటినప్పుడల్లా గడిచిన సమయం చూసుకుంటారు. నాలుగు గంటలకైతే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు; పదో బోర్డు దగ్గర 56:50, ఇరవయ్యో దగ్గర 1:53:40. వాచీ పేస్ మీదే పోవాలంటే 42.5 కిలోమీటర్లకు సరిపడా 5:38 పెట్టుకోవాలి. మూడు సెకన్ల తేడా. నేను 5:41 పెట్టుకొని, రవ్వంత కూడా తప్పకుండా, ఎంతో క్రమశిక్షణగా ఓడిపోయాను.

దారి చదునైతే చాలదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం వాతావరణం. బెర్లిన్ పందెం సెప్టెంబరు చివర్లో, షికాగో అక్టోబరులో, అదృష్టం బాగుంటే 10 డిగ్రీల దరిదాపుల్లో. పరిగెత్తేటప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో మూడొంతుల పైన వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి గుండె కొంత రక్తాన్ని చర్మానికి మళ్లించాలి, అంతమేర కాళ్లకు కోత. చల్లగా ఉంటే ఈ పంపకం తేలిక.

ఇక్కడ మన రాయలసీమవాళ్లకు కుండ బాగా అర్థమవుతుంది. మే నెలలో అనంతపురంలో మట్టికుండ నీళ్లు గొంతు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. అదే కుండ చెన్నైలో పెడితే ఆ చల్లదనం రాదు. కుండ గోడలోంచి ఊరిన నీళ్లు ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడేది. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరయ్యే చోటు లేదు. మనిషీ అంతే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోక్యాలరీల దాకా వేడి పోతుంది. కారి నేల మీద పడితే ఏమీ పోదు, ఉప్పు తప్ప. అందుకని జనవరిలో చెన్నై దారి ఎంత చదునైనా, థర్మామీటరు 22 చూపిస్తున్నా, మనకు అలవాటైన 22 అది కాదు. ఢిల్లీ ఫిబ్రవరి తెల్లవారుజాము చలి మనవాళ్లకు మొదట వణుకు పుట్టించినా పరుగుకు మేలు చేస్తుంది. కర్నూలు, కడప మిత్రులు జనవరి రాగానే ముంబయి వైపు చూస్తారు, పేరున్న పందెం కదా అని. పేరుంది, కాదనను. కానీ అక్కడ పెద్దర్ రోడ్ మిట్ట ఉంది, సముద్రపు ఉక్క ఉంది. టైం కోసం పోయేవాడి పందెం కాదది.

గాలి ఇంకో సంగతి. చదును ప్రాంతం అంటే చాలాసార్లు గాలికి అడ్డులేని ప్రాంతం కూడా. జూన్, జూలైల్లో మన దగ్గర గాలి ఎంత వీస్తుందో రామగిరి కొండల మీద తిరిగే గాలిమరలను అడగాలి. గుంపులో, ముందువాడి వెనక పరిగెత్తితే ఎదురుగాలి భారం తగ్గుతుంది. 2019 అక్టోబరులో వియన్నాలో కిప్చోగే 1:59:40 చేసినప్పుడు 41 మంది పేసర్లు, అంటే వేగం నిలిపి ఉంచడానికి తోడు పరిగెత్తేవాళ్లు, వంతులవారీగా చుట్టూ కోట కట్టినట్టు పరిగెత్తారు, ముందు కారు రోడ్డు మీద లేజరు గీతలు వేసింది. మామూలు పందెం కాదు కనుక అది రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. మన స్థాయిలో లేజరు దొరకదు గానీ, జెండా పట్టుకున్న పేసర్ల గుంపు దొరుకుతుంది. రన్నర్లు దాన్ని "బస్సు" అంటారు. నాలుగు గంటల బస్సు ఎక్కితే ఎదురుగాలి బాధా తప్పుతుంది, లెక్క వేసుకునే పనీ తప్పుతుంది. నీళ్ల బల్ల దగ్గర మాత్రం ఆర్టీసీ బస్సు పండగ రోజు ఆగినట్టే ఉంటుంది, తోపులాట.

బూట్ల గురించి ఒక్క మాటతో సరిపెడతాను, ఎందుకంటే ఇది దుకాణాలకు పోయే చర్చ. కార్బన్ పలక, తేలికైన మెత్తటి నురుగు ఉన్న బూట్లతో ఖర్చయ్యే శక్తి 4 శాతం దాకా తగ్గుతుందని 2017లో ప్రయోగశాల పరీక్షలు చూపాయి. తర్వాత బూటు అడుగుభాగం మందం 40 మిల్లీమీటర్లు, పలక ఒక్కటే అని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ హద్దు పెట్టింది. బూటుతో గెలిచేది నిమిషాలు. పేస్ తప్పితే పోయేదీ నిమిషాలే, ఇంకా ఎక్కువ.

ఆ పోయే కథ నా మొదటి ఢిల్లీ మారథాన్. చదును దారిలో కష్టం ఎక్కడుందో నాకు నేర్పింది ఆ ఏడాదే.

మిట్ట ఉన్న దారికి ఒక మంచి గుణం ఉంది: అది మనల్ని ఆపుతుంది. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది, వేగం తగ్గించుకుంటాం. చదును దారిలో ఆపేవాడు లేడు. పదిహేను రోజులు పరుగు తగ్గించి, విశ్రాంతితో కాళ్లు ఉరకలు వేస్తుంటాయి. చలి. వేలమంది జనం. డప్పులు. ఆ రోజు 5:41 నాకు నడకలా అనిపించింది. 5:31లో పోయాను. కిలోమీటరుకు పది సెకన్లే కదా. సగం దూరం 1:56:30లో దాటినప్పుడు మూడున్నర నిమిషాలు మిగిల్చానని మనసులో వడ్డీ లెక్కలు వేసుకున్నాను. బ్యాంకులో పనిచేసేవాడి బుద్ధి.

ఒంట్లో ఇంధనం రెండు రకాలు. ఒకటి కొవ్వు: ఎంత సన్నటివాడి దగ్గరైనా చాలా మారథాన్లకు సరిపడా ఉంటుంది, కానీ మొద్దుకట్టెలా నిదానంగా మండుతుంది. రెండోది గ్లైకోజెన్, అంటే కండల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం: శెనక్కాయ పొట్టులా భగ్గున మండుతుంది, కానీ నిలవ 400, 500 గ్రాములు. అంటే 2000 కిలోక్యాలరీల లోపు. పరుగు ఖర్చు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోక్యాలరీ. నా బరువు 65 కిలోలు. 42 కిలోమీటర్లకు 2700 పైన. నిదానంగా పోతే కట్టె వాటా ఎక్కువ, పొట్టు వాటా తక్కువ. వేగం పెరిగే కొద్దీ పొట్టు వాటా పెరుగుతుంది, అదీ వేగం పెరిగినంత కాదు, దానికి మించి. నేను మిగిల్చాననుకున్న మూడున్నర నిమిషాలు పొట్టు తగలబెట్టి మిగిల్చినవి.

33వ కిలోమీటరు దగ్గర పొట్టు అయిపోయింది. రన్నర్లు దీన్ని గోడ తగలడం అంటారు. గోడ అంటే ఒక్కసారి ఆగిపోతామనుకుంటారు కొత్తవాళ్లు. అలా కాదు. ముందు చిరాకు వచ్చింది. పక్కన చప్పట్లు కొడుతున్న పిల్లల మీద కోపం వచ్చింది. కూడికలు రాలేదు, ఇంకా తొమ్మిదా పదా అని రెండుసార్లు లెక్కేసినా తేలలేదు. మెదడుకు ఇష్టమైన తిండి చక్కెరే కదా, దానికీ కరువొచ్చింది. ఆ తర్వాత కాళ్లు. రెండో సగానికి 2:17:30 పట్టింది. మొత్తం 4:14:00. మూడున్నర నిమిషాల డిపాజిట్ మీద పదిహేడున్నర నిమిషాల జరిమానా.

ఇది మనలాంటివాళ్ల జబ్బే కాదు. 2022 బెర్లిన్‌లో కిప్చోగే మొదటి సగం 59:51లో పోయాడు, రెండో సగానికి 61:18 పట్టింది. రికార్డు వచ్చింది గానీ, రెండో సగంలో జారాడు. 2018లో అక్కడే 61:06, తర్వాత 60:33. కిప్టుమ్ షికాగోలో 60:48 పోయి 59:47లో తిరిగాడు. ఆ తర్వాతి ఫిబ్రవరిలోనే కారు ప్రమాదంలో చనిపోయాడు, 24 ఏళ్ల వయసులో.

కాళ్ల సంగతి కూడా ఉంది. నాలుగు గంటల్లో మామూలు రన్నర్ వేసే అడుగులు నలభై వేలు. మిట్టా పల్లం ఉన్న దారిలో ఎక్కేటప్పుడు పిరుదులు, పిక్కలు పనిచేస్తే దిగేటప్పుడు తొడలు పనిచేస్తాయి, కూలీలు వంతులు మార్చుకున్నట్టు. బల్లపరుపు దారిలో వంతు మార్పు లేదు. అదే కండ, అదే కోణం, అదే అడుగు, నలభై వేల సార్లు. ఢిల్లీలో ముప్పై దాటాక ఒక చిన్న వాలు వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తే. మా ఊళ్లో మిట్టలను తిట్టుకునేవాణ్ణి.

అందుకే చదును పందేనికి చదునులోనే సాధన చేయాలి, కనీసం కొంత. అనంతపురంలో అది తేలిక కాదు. పీటీసీ మైదానం చదునే, కానీ మట్టి మెత్తన, రౌండ్లు చిన్నవి. రెండు గంటలు తిరిగితే తల తిరుగుతుంది. కాలనీల్లో సిమెంటు రోడ్లు, నాలుగడుగులకో స్పీడ్ బ్రేకరు, అడుగుకో కుక్క. బుక్కరాయసముద్రం వైపు పోతే చెరువు దగ్గర గాలి బాగుంటుంది, దారి సమంగా ఉంటుంది, పొద్దున ఆరు దాటితే మాత్రం లారీలు. మేం ఐదింటికే అక్కడ ఉంటాం. డిసెంబరు, జనవరి నెలల్లో 16, 18 డిగ్రీల పొద్దులు దొరుకుతాయి, బెర్లిన్ కాకపోయినా మనకు అదే బెర్లిన్. ఇరవై కిలోమీటర్ల లాంగ్ రన్‌లో చివరి ఎనిమిది 5:41లో, ఏ ఎత్తుపల్లం లేని ముక్కలో, అడుగు లయ మారకుండా పోవడం నేర్చుకున్నాం. విసుగ్గా ఉంటుంది. ఆ విసుగుకూ సాధన కావాలి.

తిండి విషయంలో మన గొప్పలు కాసేపు పక్కన పెట్టాలి. రాగిసంగటి తిని పరిగెత్తితే తిరుగుండదని నాకు చెప్పని పెద్దమనిషి లేడు. ఏడాది పొడుగునా తినండి, మేలే. పందేనికి ముందు రెండు రోజులు మాత్రం కాదు, అందులోని పీచు తెల్లవారుజామున పగ తీర్చుకుంటుంది. ఆ రెండు రోజులు కావలసింది తెల్లన్నం, అరటిపండు, ఇడ్లీ. కిలో బరువుకు రోజుకు 8 నుంచి 10 గ్రాముల పిండిపదార్థం, నూనె తక్కువ. ఉగ్గాణి బజ్జి ముగింపు గీత దాటాక. పరుగులో శెనక్కాయ చిక్కీ తినొచ్చా అని మావాడు అడిగాడు. సగం శెనక్కాయ, అంటే కొవ్వు, మాంసకృత్తు. కడుపులో నిదానంగా కరుగుతుంది, కొరకడానికి నోరు ఎండి ఉంటుంది. అందులోని బెల్లం మాత్రం భేషైనది. బెల్లంలో ఎక్కువభాగం సుక్రోజు, అది గ్లూకోజు, ఫ్రక్టోజు సమపాళ్లలో విడిపోతుంది. పేగుల్లో ఈ రెంటికీ వేర్వేరు దారులు, కాబట్టి ఒక్కటే తిన్నదానికంటే ఎక్కువ లోపలికి పోతుంది. పరుగులో మింగే ఖరీదైన జెల్ పొట్లాలు చేసేదీ ఇదే పని. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, మొదటి అరగంట నుంచే, ఆకలి కోసం ఆగకుండా. సాధనలో పదిసార్లు తిని చూడనిది పందెం రోజు నోట్లో పెట్టకూడదు. నీళ్లు కూడా దాహం మేరకే. భయంతో బల్ల బల్లకూ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అది నీళ్లు చాలకపోవడం కన్నా ప్రమాదం.

ప్రయాణం గురించి ఎవరూ చెప్పరు. నేను రెండుసార్లూ కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లోనే పోయాను, ఒకటిన్నర రోజు. దిగేసరికి పాదాలు వాచి బూట్లు బిగుతయ్యాయి. మొదటిసారి శనివారం దిగి ఆదివారం పరిగెత్తాను. రెండోసారి గురువారానికే చేరుకున్నాను. ప్రతి పెద్ద స్టేషన్‌లోనూ దిగి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంటే, టీ అమ్మే అబ్బాయి "ఎవరైనా రావాలా సార్" అని హిందీలో అడిగాడు.

వచ్చే ఫిబ్రవరికి మళ్లీ పేరు కట్టాను. ఈసారి మలుపుల సాధన చేస్తున్నాం. ఖాళీ రోడ్డు మీద అవతలి మలుపు లోపలి అంచు మీద చూపు పెట్టి, దాని వైపు నేరుగా పోవడం. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది గానీ, గుంపులో చేయడానికి మొహమాటం వదులుకోవాలి.

పోయిన నెల మావాడికి ఒక ఆలోచన వచ్చింది. చెరువు వైపు దారిలో ఒక కల్వర్టు నుంచి ఒక వేపచెట్టు దాకా మాకు పాత లెక్క ఉంది, కిలోమీటరు అని. వాచీలు కొనకముందు ఎవరో బైకు మీటరు చూసి చెప్పిన లెక్క. వాచీ మీద నమ్మకం పోయాక వేగం పరుగులన్నీ ఆ ముక్కలోనే చేస్తున్నాం. దాన్ని సైకిల్‌తో కొలుద్దామన్నాడు. వాళ్ల నాన్నగారి పాత సైకిల్ ముందు చక్రం పుల్లకు ఎర్ర గుడ్డపీలిక కట్టాం. ముప్పై మీటర్ల టేపు పదిసార్లు పరిచి 300 మీటర్లు గుర్తుపెట్టి, సైకిల్ నడిపిస్తే 143 చుట్లు వచ్చాయి. చుట్టుకు 2.098 మీటర్లు. తర్వాత కల్వర్టు నుంచి చెట్టు దాకా వాడు సైకిల్ తోస్తూ, నేను పక్కన నడుస్తూ ఎర్ర పీలిక కిందికొచ్చినప్పుడల్లా పైకి లెక్కపెట్టాను. పొలానికి పోతున్న పెద్దాయన ఒకాయన ఆగి చాలాసేపు చూసి, "ఏం పోగొట్టుకున్యారప్పా" అన్నాడు.

470 చుట్లు. 986 మీటర్లు. పద్నాలుగు మీటర్లు, ఇన్నేళ్ల నుంచి.